అర చుట్టు వదులు

జూన్ 1, ఆదివారం

పొద్దున్నే వెళ్ళిపోయారు అక్కాచెల్లెళ్ళిద్దరూ. మరదలి వ్యానులోకి రెండు బండ్లూ ఎక్కించి కట్టింది నేనే. నాలుగు పట్టీలు చాలంది మరదలు. నేను ఏడు కట్టాను. "బావా, బండికి కాళ్ళు లేవు, పారిపోదులే" అని వెక్కిరించింది. ఇరవై ఏళ్ళుగా గాజుసామాను పార్సిళ్ళు కట్టే కంపెనీలో పనిచేస్తున్నవాడికి కట్టడం నేర్పుతోంది, ల్యాబులో సూదులు గుచ్చి రక్తం తీసుకునే పిల్ల!

మా ఆవిడ హెల్మెట్ చంకలో పెట్టుకుని, "మీరూ రాకూడదూ? ఊరికే గట్టు మీద కూర్చుని చూద్దురుగాని" అంది. జనవరిలో, రాళ్ళలో మట్టిలో నడిపే ఆ పాత డర్ట్ బైకు కొన్నప్పటినుంచీ ప్రతి వారం అంటూనే ఉంది. నేను ప్రతి వారం పనుందంటూనే ఉన్నాను. ఇవాళా అన్నాను.

నిజంగానే ఉంది. ఇంట్లో ఉన్న టేపు చుట్టలన్నీ వెడల్పు ప్రకారం సర్దాను.

అదే రోజు, సాయంత్రం

వచ్చింది. క్లచ్ లివరు సగానికి విరిగింది. ఎడమచేతి రెండు వేళ్ళు కమిలి వంకాయ రంగులో ఉన్నాయి. "రాయి తగిలిందండీ, అంతే" అని నవ్వుతోంది! ఒంటినిండా దుమ్ము, పళ్ళసందుల్లో కూడా దుమ్ము, ఆ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వు. వారమంతా ఫోనులో జనం తిట్లు వినే ఉద్యోగం ఆవిడది. శుక్రవారానికల్లా ముఖం పీక్కుపోతుంది. ఆదివారం సాయంత్రం మాత్రం ఇదిగో, ఇలా ఉంటుంది.

లివరు విరగడం మంచిది కాదు. ఇలాగైతే బండి పాడైపోతుంది. నేను బండి గురించే అంటున్నాను.

జూన్ 3, మంగళవారం

స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాను. షాపాయన నెమ్మదస్తుడు, చెవిమీద పెన్ను పెట్టుకుని పెన్ను కోసం వెతుక్కునే రకం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ముందు ఏం కావాలని అడిగాను.

"చేతుల ముందు గార్డులు సార్. చవకలో అయిపోతుంది. పడ్డప్పుడు లివరు నేలకి తగలదు, కొమ్మలూ రాళ్ళూ వేళ్ళకి తగలవు. తర్వాత ఇంజను కింద ప్లేటు. ఇంతకీ ఎవరు నడుపుతారు?"

"మా ఆవిడ."

"ఎలా నడుపుతారు? నిలబడా, కూర్చునా?"

"నేను చూళ్ళేదు. ఆదివారాలు పనుంటుంది."

ఆయన జేబులు తడుముకున్నాడు. పెన్ను చెవిమీదే ఉందని నేను చెప్పలేదు.

జూన్ 4, బుధవారం

కొత్త లివరు వేశాను, గార్డులు బిగించాను. వంగిన కడ్డీ, దాని ముందు ప్లాస్టిక్ రేకు. లక్షణంగా ఉన్నాయి. ఆవిడ షెడ్డులోకి వచ్చి చూసి, "నాకోసమేనా?" అని మురిసిపోయింది.

"బండి కోసం" అన్నాను.

బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

జూన్ 8, ఆదివారం

పనుంది.

సాయంత్రం: ఇంజను అడుగున సొట్ట. వేళ్ళు బాగానే ఉన్నాయి, నేనేం ప్రత్యేకంగా చూడలేదు, టీ ఇస్తున్నప్పుడు కనబడ్డాయంతే. మోకాలు మాత్రం పట్టుకుని మెట్లెక్కుతోంది. అడిగితే, "ఏ మోకాలు?" అంది.

జూన్ 9, సోమవారం

ఇంజను కింద ప్లేటు తెచ్చాను. షాపాయన పల్చటి అల్యూమినియంది చూపించాడు, తేలిగ్గా ఉంటుందన్నాడు. తేలికదనం ఎవడిక్కావాలి? ఆయన ఎంత చెప్పినా వినకుండా ఉక్కుది తెచ్చాను.

జూన్ 12, గురువారం

రేడియేటర్ గార్డులు. చైను జారకుండా గైడు. ఫ్రేముకి రెండు పక్కలా ప్లాస్టిక్ తొడుగులు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులకి తొడుగులు. హ్యాండిలు మధ్యలో దిండు. అన్నీ చవకవే. ఒక్కటే తెస్తే రెండోది ఏం పాపం చేసిందన్నట్టుగా ఉంటుంది. పైగా ఒక వస్తువుని చుట్టడం మొదలుపెట్టాక సగంలో ఆపడం మా వృత్తిలో లేదు.

"బండి ఎందుకో బరువెక్కినట్టుందండీ" అంది, స్టాండు తీసి చూసి.

నిద్ర చాలక అలా అనిపిస్తుందన్నాను.

జూన్ 14, శనివారం

రేడియేటర్‌కీ దాని గార్డుకీ మధ్య వేలెడు సందుంది. ఎవడు తయారుచేశాడో, బుద్ధుండాలి. సందుంటే సామాను కదులుతుంది, కదిలితే పగులుతుంది, ఇది మేం కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే పాఠం. కంపెనీలో మిగిలిన నురుగు షీటు ముక్కలు తెచ్చి, కొలిచి, కోసి, రెండు వైపులా చక్కగా దూర్చాను. ఉక్కు ప్లేటుకీ ఇంజనుకీ మధ్య కూడా దూర్చాను. ఇప్పుడు ఆ బండిని మేడమీంచి పడేసినా ఏమీ కాదు. మనసు కుదుటపడింది.

జూన్ 15, ఆదివారం

పనుంది. మబ్బు పట్టింది. వానొస్తే తిరిగొచ్చేస్తారు.

రాలేదు, వాన.

అదే రోజు, సాయంత్రం

పరువు పోయింది.

ఇంజను సలసలా మరిగిపోయిందట. ఊరి బయట పాత రాళ్ళ క్వారీ ఉంది, వీళ్ళంతా అక్కడే నడుపుతారు. దాని అడుగున బండి ఆవిర్లు కక్కి ఆగిపోయింది. ఎండలో ఇద్దరూ దాన్ని తోసుకుంటూ పైదాకా ఎక్కించి వ్యానులో పడేసుకొచ్చారు. మరదలు బూట్లు కూడా విప్పకుండా వచ్చి, రెండు వేళ్ళతో పట్టుకున్న నల్లటి ముద్ద ఒకటి నా ముందు టీపాయి మీద పెట్టింది.

"బావా, ఇదేంటి?"

"నురుగు షీటు."

"రేడియేటర్లో దీనికేం పని?"

"కదలకుండా..."

"రేడియేటర్‌కి గాలి తగలాలి బావా! గాలి తగిలితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి, ఇంజను చల్లబడుతుంది. నువ్వు దాని ముక్కూ నోరూ మూసేశావు. కింద ప్లేటులో దూర్చావే, అది బురదంతా పీల్చుకుని ఎంత బరువెక్కిందో తెలుసా? ఇద్దరం కలిసి లేపడానికే చచ్చాం!"

మరదలి కేకలు నాకలవాటే, పండగలా ఉంటాయి. మా ఆవిడ కేకలెయ్యలేదు, అదీ గొడవ. గ్లవ్వులు ఒక్కొక్క వేలూ లాగి తీస్తూ నిలబడింది.

"నేను వెళ్ళడం మీకిష్టం లేకపోతే నోటితో చెప్పాలండీ. ఇలా బండికి సంకెళ్ళు వెయ్యడం ఏం బాగోలేదు."

"అబ్బే, అదేం కాదు..."

"మరేంటి?"

టీపాయి మీది నల్లటి ముద్ద తీసి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ గ్లవ్వులు టీపాయి మీద పడేసి లోపలికెళ్ళిపోయింది.

అదేం కాదు. నిజంగానే అదేం కాదు. ఆవిడ వెళ్ళడం నాకిష్టమే. తిరిగొచ్చినప్పటి ఆ ముఖం నాకు ఇష్టమే.

జూన్ 16, సోమవారం

నేను బిగించినవన్నీ ఊడదీసి బయట గోనెసంచిలో పడేసింది. షెడ్డుకి కొత్త తాళం వేసింది.

జూన్ 17, మంగళవారం

మాటల్లేవు.

జూన్ 18, బుధవారం

మాటల్లేవు. కూరలో ఉప్పు తక్కువైందన్నాను. ఉప్పు డబ్బా నా ముందుకి తోసింది. దీన్ని మాట కింద లెక్కేసుకోవచ్చేమో.

జూన్ 19, గురువారం

పక్కింటి పిల్లితో మాట్లాడింది. చాలాసేపు.

జూన్ 21, శనివారం

ఆవిడ బజారుకెళ్ళినప్పుడు మరదలొచ్చింది. నా కోసమే వచ్చిందని తర్వాత అర్థమైంది. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చే నెల మొదటి ఆదివారం క్వారీలో కొండెక్కే పోటీ ఉంది బావా. అక్క పేరిచ్చింది. నీకు చెప్పిందా?"

"నాతో మాట్లాడితే కదా చెప్పడానికి."

"ఒక్కో మనిషికి ఒక తోడు ఉండాలి. బండి నడిపేవాళ్ళు కొండెక్కుతుంటే ఈ తోడు మనిషి మధ్యలో నిలబడాలి, పడితే సాయం చెయ్యడానికి. కానీ ఒక రూలుంది. పడ్డవాళ్ళు చెయ్యెత్తి పిలిస్తే తప్ప ముట్టుకోకూడదు. పిలవకముందే బండి మీద గానీ మనిషి మీద గానీ చెయ్యి పడిందా, ఆట ఖతం. బండి దించేసి ఇంటికే."

"ఊఁ. దానికేముంది, వస్తాను."

మరదలు బిస్కెట్ విరిచింది. "అక్క ఆల్రెడీ ఒకాయన్ని అడిగేసింది."

"ఎవర్ని?"

"స్పేర్ పార్టుల షాపాయన్ని."

నాకు ఒళ్ళు మండిపోయింది. స్పేర్ పార్టులాయన! నా పెళ్ళాం పడితే లేపడానికి చెవిమీది పెన్ను కనబడని మనిషా! అదే అన్నాను, కాస్త గట్టిగానే.

"లేపడానిక్కాదు బావా, లేపకుండా ఉండడానికి" అంది మరదలు. "అది నీ వల్ల కాదని అక్క బెంగ. ఎంత కష్టపడి నేర్చుకుందో నీకేం తెలుసు? నువ్వు వచ్చి ఆత్రంగా చెయ్యి వేస్తే అదంతా గంగపాలు. అసలు అక్క నడపడం నువ్వు ఒక్కసారైనా చూశావా?"

పనుంటుందని చెప్పబోయాను. బిస్కెట్ డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 22, ఆదివారం

పనుందని రాయబోయాను. పనేం లేదు.

షూలు వేసుకున్నాను. విప్పేశాను.

జూన్ 24, మంగళవారం

అడిగేశాను. ఆవిడ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"కొండ దగ్గరికి నేనొస్తాను."

"మీరా?"

"ముట్టుకోను."

"మీరా!" అంది, ఇంకో రకంగా. తొమ్మిది రోజులుగా మూసుకున్న నోట్లోంచి ఆ రెండక్షరాలు వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

దుప్పటి రెండు చివర్లు నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మడతపెట్టాం. అప్పుడు చెప్పింది.

"మీరు ఇన్ని కొన్నారు కదా, నాకేం కావాలో ఒక్కసారైనా అడిగారా? బండి కొన్నప్పటినుంచీ నేను కాళ్ళు పెట్టుకునే కడ్డీలు ఇంత సన్నగా ఉన్నాయి. బురదలో జారిపోతున్నాయి. అందుకే పడుతున్నాను. మీరు నేను పడ్డాక తగిలేవన్నీ కప్పారు గానీ, ఎందుకు పడుతున్నానని అడగలేదు."

నిజమే. అడగలేదు. అడిగితే చెబుతుంది కదా, ఎలా పడిందో, ఎంత ఎత్తునుంచో. అది వినాల్సొస్తుంది. అందుకని అడగలేదు.

తాళంచెవి దుప్పటి మీద పెట్టింది.

జూన్ 25, బుధవారం

గోనెసంచిలోంచి చేతుల గార్డులు తీసి మళ్ళీ బిగించాను. రేడియేటర్ గార్డులు కూడా, నురుగు లేకుండా. ఉక్కు ప్లేటు షాపులో తిరిగిచ్చి పల్చటిది తెచ్చాను. వెడల్పాటి ఫుట్‌పెగ్గులు, పళ్ళున్నవి, బూటు జారకుండా పట్టుకునేవి. ఇవే ముందు తేవాల్సిందట. మిగతా తొడుగులన్నీ సంచిలోనే ఉన్నాయి. షాపాయనకి పెన్ను చెవిమీదుందని కూడా చెప్పాను. ఇక ఆయన రానక్కర్లేదని ఆవిడే ఫోన్ చేసి చెప్పిందట, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడట. అంత సంతోషమెందుకో.

ఆవిడ టీ గ్లాసుతో స్టూలు మీద కూర్చుని చూసింది. లివరుని హ్యాండిలుకి పట్టి ఉంచే బోల్టు బిగిస్తుంటే, "ఆపండి" అంది.

"ఇంకో అర చుట్టు తిరుగుతుంది."

"ఆపండన్నానా."

"వదులుగా ఉంది!"

"నొక్కితే కదలదు, పడితే తిరుగుతుంది. అలాగే ఉండాలి. మొత్తం బిగించారంటే పడ్డప్పుడు తిరగడానికి చోటుండదు, విరుగుతుంది."

కాడ ఉన్న గాజు గ్లాసుల్ని పెట్టెలో మరీ కుక్కితే సరిగ్గా కాడ దగ్గర విరుగుతాయని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే ఇంకో పది రోజులు నవ్వుతుంది.

అర చుట్టు వదిలేశాను. చెయ్యి జిలపెట్టింది.

జూన్ 26, గురువారం

ఆవిడ ఉద్యోగానికి వెళ్ళాక షెడ్డులోకెళ్ళి బిగించాను.

ఇంకాసేపటికి: వదులు చేశాను.

జూన్ 27, శుక్రవారం

బిగించలేదు. చూసొచ్చానంతే. చూడ్డం తప్పు కాదు.

జూన్ 29, ఆదివారం

వ్యానులో నాలుగు పట్టీలే కట్టాను. మరదలు నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరముందేమోనని చూసింది.

నేను వెళ్ళలేదు. వచ్చే వారం ఎలాగూ వెళ్ళాలి కదా. ఒకేసారి చూద్దామని.

జులై 4, శుక్రవారం

కంపెనీలో నా జోడీ పొడుగాయన. ఇద్దరం పెట్టె మోస్తుంటే బల్ల మీద ఆనించిన ఇంకో పెట్టె ఒరగడం మొదలుపెట్టింది. చేతిలోది దించి, అలవాటు చేసుకుందామని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పెట్టె దబ్బున కింద పడింది. పొడుగాయన నోరు తెరుచుకుని నావైపే చూశాడు.

"నీకేమైనా పట్టిందా? కళ్ళముందు పడుతుంటే చోద్యం చూస్తావేంటయ్యా!"

"చెయ్యెత్తి పిలవలేదుగా" అన్నాను.

సూపర్‌వైజరు వచ్చి నాకు తలంటి పోశాడు. లోపల ఒక్క గ్లాసు కూడా పగల్లేదు, నేను కట్టిన పెట్టె మరి. కానీ అది పడుతున్నంతసేపూ కట్టుకున్న చేతులు విప్పకుండా ఉండడానికి తల ప్రాణం తోకకొచ్చింది, ఎల్లుండి పడేది పెట్టె కాదు.

భయంగా ఉంది. రాసేశాను. ఎవరూ చదవరు కదా.

జులై 6, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి. చేతులు ఇంకా మండుతున్నాయి, అక్షరాలు వంకరగా వస్తే రానీ.

క్వారీలో ఆ కొండ మరదలు చూపించిన ఫొటోలోలా లేదు. గోడలా ఉంది. నాకు నారింజ రంగు చొక్కా తొడిగి, సగం పైన, మలుపు దగ్గర నిలబెట్టారు. అక్కడ నేలంతా కదిలే రాళ్ళు. "ఎక్కువమంది పడేది ఇక్కడే" అన్నాడు నిలబెట్టినాయన, ఏదో శుభవార్త చెప్పినట్టు.

నలుగురు వచ్చారు, ఇద్దరు పడ్డారు. ఐదోది ఆవిడ.

నిలబడి నడుపుతుంది. ఇన్నాళ్ళూ నా ఊహలో కూర్చుని, కళ్ళు మూసుకుని, కెవ్వుమంటూ నడిపేది. మోకాళ్ళు వంచి, మోచేతులు బయటికి పెట్టి, రాయి వచ్చినప్పుడల్లా బండిని కింద ఆడనిస్తూ, తను మాత్రం కదలకుండా పైకొస్తోంది. నాకు తెలిసినావిడే, నేనెప్పుడూ చూడనావిడ. ఎంత బాగుందో! జనవరి నుంచి ఇది చూడకుండా నేను టేపు చుట్టలు సర్దానా?

మలుపు దగ్గర ముందు చక్రం జారింది. బండి పక్కకి వాలింది, ఆవిడ దాంతోపాటు వచ్చి సరిగ్గా నా కాళ్ళ ముందు పడింది. రాళ్ళు గలగలా కిందికి పోయాయి. ఒక కాలు బండి కింద ఉంది.

నేను వంగాను. వంగానని ఒప్పుకుంటున్నాను. నా రెండు చేతులూ ముందుకెళ్ళిపోయాయి, జానెడు దూరం ఉందేమో.

"ఏమండీ!" హెల్మెట్ లోంచి అరిచింది. "ముట్టుకున్నారంటే చంపేస్తాను!"

నిలబడి ఉంటే నా వల్ల కాదని అర్థమైపోయింది. అక్కడే ఆ రాళ్ళమీద చతికిలబడి, రెండు చేతులూ పిర్రల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను. రాళ్ళు గుచ్చుకున్నాయి. పైనుంచి ఎవరో పకపకా నవ్వారు, నవ్వితే నవ్వారు. ఆవిడ కాలు మెల్లగా ఇవతలికి లాక్కుంది. లేచింది. హ్యాండిలు పట్టి లేపబోయింది, లేవలేదు. మళ్ళీ లేపింది, సగందాకా వచ్చి కూలబడింది. ఆయాసం నాకు వినబడుతోంది. నావైపు చూసింది. చెయ్యెత్తితే బాగుండును. ఎత్తమని ఎంత మొక్కుకున్నానో! ఎత్తలేదు. బండికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, ఒక్క ఉదుటున లేపేసింది. క్లచ్ లివరు పక్కకి తిరిగిపోయి ఉంది, విరగలేదు. అరచేత్తో ఒక్కటిచ్చి దాన్ని చోటుకి తెచ్చింది. కిక్కు కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారికి అందుకుంది.

వెళ్ళిపోయింది. నా ముఖం మీద మట్టి కొట్టి మరీ వెళ్ళిపోయింది. కొండ చివరికి ఎక్కేదాకా నేను ఏం అరిచానో నాకు తెలీదు. అక్కడున్న అందరికీ తెలుసట, ఎవరూ చెప్పడం లేదు.

పైకెక్కినవాళ్ళలో అందరికంటే ఆలస్యంగా ఎక్కింది ఆవిడే. అయినా ఎక్కింది!

కాసేపటికి హెల్మెట్ తీసేసి, నడుచుకుంటూ దిగి నా దగ్గరికొచ్చింది. నేనింకా అలాగే కూర్చునున్నాను. నా చేతులు బయటికి లాగి చూసింది. నిండా రాళ్ళ అచ్చులు పడి ఎర్రగా ఉన్నాయి.

"నాకు భయం" అన్నాను. "నువ్వు వెళ్ళడం ఇష్టం లేక కాదు. నీకేమైనా అవుతుందేమోనని భయం. ప్రతి ఆదివారం చచ్చిపోతున్నాను."

"ఆ ఒక్క ముక్క చెప్పడానికా బండికి అంత ఇనుము బిగించారు?" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని పక్కనే కూర్చుంది. మెల్లగా అంది, "నాకూ భయమేనండీ. కింద బయల్దేరే గీత దగ్గర నిలబడ్డప్పుడు ప్రతిసారీ బండి తిప్పేసి ఇంటికొచ్చేద్దామనిపిస్తుంది. ఇంట్లో చెబితే మీరు వెళ్ళొద్దంటారని చెప్పలేదు."

ఇద్దరికీ భయమే! ఒకే మంచం మీద పడుకుని, జనవరి నుంచి, చెరో భయం చెరో పక్క దాచుకున్నాం. తల్చుకుంటే సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. కంట్లో మట్టి పడిందని చెప్పాను.

ఇంతలో ఇంకో బండి వచ్చి మాకు కాస్త కింద పడింది. ఆ అబ్బాయికి తోడుగా నారింజ చొక్కా వేసుకుని నిలబడింది వాళ్ళమ్మ, మా కంటే పెద్దావిడ. "నాయనా!" అంటూ రెండు చేతులూ చాచి పరిగెత్తబోయింది. మా ఆవిడకంటే ముందు నేనే లేచి అరిచాను.

"ముట్టుకోకండమ్మా! వాడు లేస్తాడు!"

పెద్దావిడ ఆగిపోయింది. గాల్లో ఉన్న చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక నావైపు చూసింది.

"కింద కూర్చోండమ్మా" అన్నాను. "చేతుల మీద కూర్చోండి."